ఎడమ చేత్తో ఇచ్చిన చాయ్

నిన్న పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ ఫోన్ చూశాను. మా బ్యాచ్ గ్రూప్‌లో ప్రభుదాస్ సార్ ఫొటో. చుట్టూ పూలు.

బర్త్‌డే ఏమో అనుకున్నాను. నిజంగా. కేక్ బొమ్మ పెట్టబోయి కింద రాసింది చదివాను.

గుండెపోటు. నిద్రలోనే అంట.

హెల్మెట్ పెట్టుకుని అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను. మా అమ్మ వచ్చి "ఏందే, డ్యూటీకి పోవా?" అంటే ఫోన్ చూపించాను.

గ్రూప్‌లో అందరూ "గొప్ప మనసు" అని ఫార్వర్డ్‌లు పెడుతున్నారు. గొప్ప మనసే, కాదనను. కానీ ఆయన మమ్మల్ని వణికించారు. అది ఎవరూ రాయట్లేదు.

ప్రభుదాస్ సార్ హెడ్ కానిస్టేబుల్. ఇల్లు మచ్చ బొల్లారంలో. మొగుడు పెళ్లాన్ని కొడుతున్నాడని ఫోన్ వస్తే పోలీసులు వెళ్లి ఏం చేయాలో, శామీర్‌పేట దగ్గర మా ట్రైనింగ్‌లో నేర్పేవారు. బోర్డు మీద రాసి చెప్పడం కాదు. ఒక గదిని ఇల్లులా సర్ది, ఆయనే మొగుడు వేషం వేసేవారు. మాలో ఒక అమ్మాయి పెళ్లాం. మిగతావాళ్లం వచ్చి తలుపు కొట్టే పోలీసులం.

తాగి అరిచే మొగుణ్ణి ఊహించుకుని, లాఠీలు సర్దుకుని మరీ వెళ్లాం.

ఆయన నవ్వుతూ తలుపు తీశారు.

"రాండ్రి సార్, రాండ్రి. ఎండల వడి వచ్చిండ్రు. కూసోండ్రి." కుర్చీ తుడిచి వేశారు. లోపలికి తిరిగి, "ఏయ్, సార్లకు చాయ్ వెట్టు" అన్నారు.

కూర్చున్నాం. తాగాం. మంచి కుటుంబం, చిన్న గొడవ అని రిపోర్ట్ చెప్పాం.

సార్ మొహంలో నవ్వు పోయింది. "ఆమెను వంటింట్లకు తోలింది ఎవలు? మీరు వాని చాయ్ తాగినంక, ఇగ ఆమె ఎవలకు చెప్పుకోవాలె?"



ఇంకో పట్టింపు కూడా ఉండేది ఆయనకు. పెళ్లాం వేషం వేసిన అమ్మాయి చాయ్ ఎడమ చేత్తోనే ఇవ్వాలి. కుడి చెయ్యి కొంగు కింద ఉండాలి. మాకేమో నవ్వు. ఎడమ చేత్తో ఎవరైనా ఇస్తారా? ఒకరోజు మావాడొకడు యాక్టింగ్‌లో మునిగిపోయి, "ఏందమ్మా, గా చేత్తోని ఇస్తున్నవ్, సోయి లేదా?" అని కసిరాడు.

సార్ నవ్వలేదు. "గిట్లనే అన్నడు ఒగ సారు. ఒగ ఇంట్ల. చాయ్ తాగి వోయిండు."

"ఆమె ఏమైంది సార్?" అని అడిగాను.

"బతికింది."

అంతే. లేచి నల్లా దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నారు. ప్రతి డ్రిల్ తర్వాత ఇదే వరస, చాలాసేపు రుద్ది రుద్ది కడుక్కునేవారు. మేకప్ కూడా లేదు కదా అని మేం వెనక జోకులేసుకునేవాళ్లం.

పోస్టింగ్ వచ్చాక ఒక మధ్యాహ్నం గౌడవెల్లి నుంచి కాల్. పక్కింటివాళ్లు చేశారు. నేనూ, మా ఎస్సై సారూ వెళ్లాం.

తలుపు తీసినవాడు నవ్వాడు. కుర్చీ తుడిచాడు. "ఏయ్, చాయ్ వెట్టు" అన్నాడు.

 అవే మాటలు. అదే గొంతులా వినిపించింది.

ఆమె గ్లాసు తెచ్చింది. ఎడమ చేత్తో.

"మర్యాద తెల్వది సార్ దీనికి" అని వాడే నవ్వాడు.

నేను గ్లాసు ముట్టుకోలేదు. ఎస్సై సార్‌కి సైగ చేశాను. బండి కాగితాలు చూడాలని వాణ్ణి గేటు బయటికి తీసుకెళ్లారు. ఆమె వెంట వంటింట్లోకి వెళ్లి, స్టవ్ ఆపి అడిగాను. "కుడి చెయ్యి చూపియ్యవా అక్కా?"

కొంగు తీసింది. ఆ చెయ్యి గురించి ఇక్కడ రాయను.

మేడ్చల్ ఆస్పత్రి నుంచే సార్‌కి ఫోన్ చేశాను. శభాష్ అంటారనుకున్నా.  "కట్టు కట్టిండ్రా?" అన్నారు. "జల్దీ కట్టియ్యి బిడ్డా. లేకుంటే వంకర అతుకుతది."

ఆమె ఇప్పుడు దూలపల్లిలో ప్యాకింగ్ పనికి వెళ్తోంది. చెయ్యి బాగుంది.

నిన్న సాయంత్రం యూనిఫామ్ మీదే సార్ ఇంటికి వెళ్లాను. చర్చి వాళ్లు ప్రార్థన చేస్తున్నారు. పక్కింటివాళ్లు ఫ్లాస్క్‌లో చాయ్ తెచ్చిపెట్టారు.

శవపెట్టె పక్కన సార్ వాళ్లమ్మ. బాగా పెద్దామె. ఆమెను చూడటం అదే మొదలు. సార్ మమ్మల్ని ఎప్పుడూ ఇంటికి పిలవలేదు.

నన్ను చూసి లేచింది. పక్కింటామెతో చాయ్ పోయించి, తానే తెచ్చి ఇచ్చింది. ఎడమ చేత్తో.

"ఏమనుకోకు బిడ్డా. గీ చెయ్యి లేవది."

కుడి మణికట్టు పక్కకు వంగి, అలాగే అతుక్కుపోయి ఉంది.

"మావోడు నన్ను ఎన్నడు చాయ్ వెట్టనియ్యకపోతుండె. ఎవలొచ్చినా వాడే వెట్టి, వాడే ఇస్తుండె. తాగు బిడ్డా."

ఆ "ఒగ ఇల్లు" ఎవరిదో అప్పుడు తెలిసింది.

ఇన్నేళ్లుగా మాకు తలుపు తీసిన నవ్వు వాళ్ల నాయినది. ఒక్కో బ్యాచ్ కోసం ఒక్కోసారి వాళ్ల నాయిన అయిపోయి, మళ్లీ నల్లా దగ్గరికి వెళ్లి కడుక్కున్నారు.

రాత్రి కళ్లు మూస్తే ఆ నవ్వే. ఏడుపు కంటే భయమే ఎక్కువగా ఉంది. ఇవాళ మధ్యాహ్నం మట్టి వేయడానికి వెళ్తున్నాను. అక్కడ పెట్టెలో ఆ మొహం ఎలా చూడాలో తెలియట్లేదు.

సార్, అమ్మ ఇచ్చిన చాయ్ తాగాను. కానీ వెంటనే తాగలేదు.

గ్లాసు కింద పెట్టి, ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లి, "గీ చెయ్యికి ఏమైంది అమ్మా?" అని అడిగాను. ఇంతకుముందు పోలీసోళ్లెవరూ అడగలేదంది. అంతా చెప్పింది. అంతా విన్నాను. అప్పుడు తాగాను. సల్లగైపోయింది.

ఇగ ఆ తలుపు మీరు తీయక్కర్లేదు. మొహం కడుక్కునే పని కూడా లేదు. అమ్మ దగ్గరికి మేం వచ్చిపోతుంటాం.

నెమ్మదిగా నిద్రపోండి సార్.