మంచి క్యూబన్ ఎక్కడ దొరుకుతుంది?

న్యూయార్క్‌లో అసలైన క్యూబన్ శాండ్‌విచ్ ఎక్కడ తినాలో ఎవర్నైనా అడగండి, నన్ను మాత్రం అడక్కండి. ఒకసారి ఆ దారి చూపించబోయి పచ్చటి కాపురంలో పొగ పెట్టినవాణ్ణి.

అప్పట్లో జెర్సీ సిటీలో ఉంటూ రోజూ ట్రైనెక్కి మాన్‌హాటన్‌లో ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. మా టీమ్‌లో మరియానా అనే మయామీ అమ్మాయి ఉండేది. వాళ్లది క్యూబా కుటుంబం. "మా అమ్మమ్మ చేసే శాండ్‌విచ్ లాంటిది ఈ ఊళ్లో దొరకనే లేదు" అని ఆమె నిట్టూర్చగానే నా నోరు ఊరుకోలేదు.

"నాకు తెలుసు! రేపు లంచ్‌కి నేను తీసుకెళ్తా."

నిజానికి అప్పటికి నేనెరిగిన శాండ్‌విచ్ ఒక్కటే: రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఆవకాయ. ఇది చాలదన్నట్టు మా మేనేజర్ ప్రసాదన్న, "నేనూ వస్తున్నానోయ్" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు సెక్యూరిటీ పెద్దాయన్ని పట్టుకున్నాను. "ఇక్కడ బెస్ట్ క్యూబన్ ఎక్కడ?"

ఆయన కళ్లు మెరిశాయి. "వెనక వీధిలో, ఆకుపచ్చ తలుపు. అక్కడి ముసలాయన చేత్తో చుట్టి ఇస్తాడు."

చుట్టడమంటే ఎగ్ రోల్ టైపు కాబోలనుకున్నాను.

"స్ట్రాంగా, మైల్డా?" అన్నాడాయన.

"స్ట్రాంగే! మాది గుంటూరు."

"మొదటిసారైతే తల తిరుగుతుంది, జాగ్రత్త."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ రోజు చెప్పేవాడు పాపం ఏ తప్పూ ఎరగడు, వినేవాడే సొంత ఖర్చుతో లోకువైపోయాడు.

మధ్యాహ్నం ఆకుపచ్చ తలుపు తోశాం. లోపల హోమం జరుగుతున్నంత పొగ.

"చూశారా, బ్రెడ్డు ఎలా కాలుస్తున్నారో!" అని మురిసిపోయాను.

మరియానా నా వంక వింతగా చూసింది. ప్రసాదన్న మాత్రం కళ్లు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీలుస్తున్నాడు. వదినకి మాటిచ్చి ఈమధ్యే సిగరెట్లు మానేసిన మనిషని నాకేం తెలుసండీ!

దారిలో మరియానా చెప్పిన లక్షణాలన్నీ గుర్తుపెట్టుకుని, నేను దర్జాగా కౌంటర్ దగ్గరికెళ్లాను. "మూడు క్యూబన్లు. బాగా నొక్కి కాల్చండి. పికిల్ కాస్త ఎక్కువ వేయండి."

ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "పికిల్ ఎటువైపు పెట్టమంటారు? నోట్లో పెట్టుకునే వైపా, వెలిగించే వైపా?"

అప్పుడు కనబడ్డాయి, అద్దాల పెట్టెలో వరసగా పడుకున్న చుట్టలు. మా తాతయ్య కాల్చిన చుట్టలే, కాకపోతే సూటూ బూటూ వేసుకున్నాయి. ఈ దేశంలో ఉత్త "క్యూబన్" అంటే క్యూబా చుట్ట కూడానట!

"నన్ను చుట్టల కొట్టుకి తీసుకొచ్చావా!" అంటూ మరియానా నవ్వీ నవ్వీ అక్కడున్న కుర్చీలో కూలబడింది. ముసలాయన కూడా కళ్లు తుడుచుకుని, తాను రోజూ తినే చోటు చూపించాడు. పక్క సందులో నాలుగు స్టూళ్ల హోటలు. కరకరలాడేలా నొక్కి కాల్చిన బ్రెడ్డు, లోపల పంది మాంసం, హామ్, కరిగిన చీజ్, దోసకాయ పికిల్, ఆవముద్ద. మరియానా ఒక్క ముక్క కొరికి, వెంటనే ఇంకోటి కొరికింది.

"ఇదే" అంది చివరికి, తడి కళ్లతో.

ఇంక నేను నేల మీద నడిస్తే ఒట్టు!

సాయంత్రం ప్రసాదన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ వదిన నా కోటు వాసన చూసింది. స్పీకర్‌లో పెడుతున్నా, జరిగింది చెప్పు."

"తమ్ముడూ, నువ్వు అబద్ధం చెప్పవు" అంది వదిన. "మధ్యాహ్నం ఈయన ఏం చేశారు?"

సత్యహరిశ్చంద్రుడికి మేనల్లుడిలా జవాబిచ్చాను. "ఏమీ లేదొదినా. ముగ్గురం తలో క్యూబన్ లాగించాం."

అవతల ఏదో గిన్నె నేలకి తగిలిన చప్పుడు. ఫోన్ కట్టయిపోయింది.

కనుక మహాజనులారా, అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ తిండినీ సగం పేరుతో పిలవను. ఇడ్లీని కూడా "ఇడ్లీ అనబడే, పొగరాని, నమిలి మింగే పదార్థం" అనే అంటాను.