నాన్న వైపు నుంచి

ఆసుపత్రిలో ఆమెను అందరూ సున్నాల మేడం అంటారు. తరాలుగా వచ్చే క్యాన్సర్ ముప్పు గురించి ఆడవాళ్ళకు విడమరిచి చెప్పి, రక్తపరీక్షకు ధైర్యమివ్వడం ఆమె ఉద్యోగం. కాగితం మీద ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చదరం గీస్తూ వాళ్ళ వంశంలో ఎవరికి ఏ జబ్బొచ్చిందో ఓపిగ్గా రాబడుతుంది. అక్కడికొచ్చి ఏడవని మనిషి లేదు, వెళ్ళేటప్పుడు ఆమెను దీవించని మనిషీ లేదు.

ఈమధ్య వచ్చిన ఒక తల్లి మాత్రం కొరకరాని కొయ్య. పెద్దకూతురికి రొమ్ము క్యాన్సర్, పరీక్షలో జన్యులోపం తేలింది. చిన్నకూతురికీ పరీక్ష చేయిస్తే ముందే జాగ్రత్తపడొచ్చంటే ససేమిరా అంది.

"ఒకదానికి నేనే ఇచ్చాను. రెండోదానికీ ఇచ్చానని నా చెవులతో వినమంటావా తల్లీ?"

"మీరే ఇచ్చారని ఎవరన్నారమ్మా?"

"ఎవరనలేదు? మా అమ్మ కడుపులో గడ్డతో పోయింది కదా! మా తోడికోడళ్ళంతా అదే మాట."

ఆడవాళ్ళ జబ్బంటే చాలు, ఎవరో ఒక ఆడదాని నెత్తిన రుద్దేయాలి. లోకం తీరే అంత! మేడంకి ఒళ్ళు మండింది.

"చిన్నమ్మాయి సంగతి తర్వాత. ముందు మీ రక్తమివ్వండి," అంది.

ఫలితం వచ్చింది. తల్లిలో ఆ లోపం లేనేలేదు. ఆమె నమ్మలేదు, "మళ్ళీ చూడు తల్లీ," అంది. మళ్ళీ చెప్పాక బావురుమంది.

మేడం వెళ్ళి తలుపు తీసింది. లిఫ్టులు బాగుచేసే ఆ తల్లి భర్త, ఆడవాళ్ళ గొడవ మనకెందుకని ఎప్పుడూ వరండా బల్ల మీదే కూర్చునేవాడు. లోపలికి పిలిచి చెప్పింది.

"ఇది తండ్రి నుంచి కూడా వస్తుందండీ. మీరంతా అన్నదమ్ములే కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదేమో. మీ రక్తం కూడా చూద్దాం."

ఆయన చొక్కా చెయ్యి మడిచి చాపాడు.

అనుకున్నట్టే ఆయనలో ఉంది. అది విన్న వెంటనే అక్కడే నిలబడి ఫోన్ తీశాడు.

"అన్నయ్యా, నీ మరదలి వైపు నుంచి కాదు, మన వైపు నుంచే వచ్చింది. ఒకసారి వదినకి ఫోనివ్వు, నేనే చెప్తాను. ఆ, నీ కూతుళ్ళను కూడా తీసుకురా."

తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీ కడుపు చల్లగా ఉండ!" అంటూ మేడం చేతులు కళ్ళకద్దుకుంది. ఈ ఉద్యోగంలో ఉన్నందుకు మేడం ఆ పూట పొంగిపోయింది.

చిన్నకూతురిని తల్లే వెంటబెట్టుకొచ్చింది. పరీక్షలో ఆ అమ్మాయికీ లోపం ఉందని తేలింది. మేడం ఆ మాట నెమ్మదిగా చెప్పింది. తల్లి కూతురి భుజం మీద చెయ్యేసి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"ముందే తెలిసింది, అదే పదివేలు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు తల్లీ."