అమ్మ వండని సాసేజీలు

మా చిన్నప్పుడు... పలివెలలో అమ్మమ్మ ఇంటి వసారాలో అమ్మ పెద్ద అట్టపెట్టె తాళ్ళు విప్పుతూ కూర్చుంది. నాలుగేళ్ళ తర్వాత కువైట్ నుంచి వచ్చిన మొదటి రోజు. నాకప్పుడు పదేళ్ళు. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. అమ్మ అక్కడ ఒకరింట్లో వంటమనిషి... నాది ఇక్కడ అమ్మమ్మ పెంపకం.

పెట్టెలోంచి దుప్పటి, సబ్బులు, చాక్లెట్లు వచ్చాయి. అన్నిటి కిందా పాత చీరలో చుట్టిన ఆరు రేకు డబ్బాలు. వాటి మీద వేలెడంత పొడుగున్న ఎర్రటివేవో బొమ్మ వేసి ఉంది.

"సాసేజీలంటారు. కోడి మాంసంతో చేస్తారు," అంది అమ్మ. "ఆ ఇంటి పిల్లలకి రోజూ నేనే కాల్చి పెడతాను. వాళ్ళు కారం తినరు. నేను మటుకు పక్కన చిన్న గిన్నెలో కారం సాసు చేసుకుంటాను. నీకు నచ్చుద్దో లేదో అనుకుంటా రుచి చూస్తానే."

ఎండుమిరపకాయలు నానబెట్టి రుబ్బాలంది, వెల్లుల్లి అంది, ఇంకా ఏవేవో చెప్పింది. నేను సరిగ్గా వినలేదు. చాక్లెట్ల కాగితాలు విప్పుతున్నాను... ఆ పూట కాస్త చెవిన వేసుకుంటే నా సొమ్మేం పోయేది?

అమ్మమ్మ ఆ డబ్బాలు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఒసేయ్ పిచ్చిదానా, ఇది కార్తీక మాసమే! నువ్వు క్షేమంగా రావాలని కొప్పులింగేశ్వరుడికి మొక్కుకున్నాను. నెల్లాళ్ళూ ఈ ఇంట్లో నీచు ఉడకదు."

అమ్మ నాలిక్కరుచుకుంది. ఇంగ్లీషు నెలలు లెక్కపెట్టుకుంటూ బతికే మనిషికి కార్తీకం ఎలా గుర్తుంటుంది? "పోన్లే అమ్మా, పోలి దీపాలు వదిలేసిన మర్నాడు వండుతాను. అప్పటికింకా వారం ఉంటానుగా," అని నవ్వేసింది. డబ్బాలు అటకెక్కాయి.

ఆ మూడు వారాలూ అమ్మ వంటింటి గుమ్మంలో చుట్టంలా నిలబడేది. ఉల్లీ వెల్లుల్లీ లేని ఆ వంటలు అమ్మమ్మే చేసేది, నాకు అమ్మమ్మే కలిపి పెట్టేది. అమ్మ కలిపితే నేను తినేదాన్ని కాదు. చేతి వాసన కొత్తగా ఉందనేదాన్ని.

"కొత్తే కదమ్మా మరి... ఆ సాసేజీలు నా చేత్తో ఒక్కసారి తిందువుగాని, అప్పుడు చెప్పు," అనేది. నన్ను తనకి దగ్గర చేసుకోవడానికి ఆవిడ పెట్టుకున్న ఆశంతా ఆ ఒక్క వంట మీదే.

అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా కువైట్ నుంచి కబురొచ్చింది. అక్కడి ఇంటావిడకి నెలలు నిండకుండానే కాన్పయింది, వెంటనే రమ్మన్నారు.

బయల్దేరే రోజు పొద్దున్నే అమ్మ అటక మీంచి ఒక డబ్బా దించింది. "పెరట్లో మూడు ఇటుకలు పెట్టి వండుతానమ్మా. ఇదొక్కటే. ఇంట్లోకి తేను." ఎవరి కోసం మొక్కుకుందో ఆ మనిషే అడుగుతుంటే అమ్మమ్మ కాదనలేకపోయింది. "నీ ఇష్టమే తల్లీ," అంది.

అడ్డుపడింది నేను.

"వద్దు. అమ్మమ్మ మొక్కు పాడైపోద్ది. నాకేం అక్కర్లేదు నీ సాసేజీలు," అన్నాను. నాకు భక్తేంటి, నా మొహం... అమ్మ మళ్ళీ వెళ్ళిపోతోందన్న ఉక్రోషం అది. ఆవిడకి మాత్రం నా మాటే వినబడింది. డబ్బా తీసుకెళ్ళి అటక మీద పెట్టేసింది. మధ్యాహ్నం కారెక్కి వెళ్ళిపోయింది.

పోలి పాడ్యమి వెళ్ళాక అమ్మమ్మ డబ్బాలు విప్పింది. ఏం చెయ్యాలో తెలియక, ముక్కలు కోసి చింతపండు పిండి ఎండుచేపల పులుసులా పెట్టింది. లొట్టలేసుకుంటూ తిన్నాను. మూడు రోజుల్లో ఆరు డబ్బాలూ ఖాళీ.

ఆ శుక్రవారం ఎస్టీడీ బూత్ ఆయన కేకేశారు. "పాపగారండీ, కువైట్ నుంచి అమ్మగారండీ! తొందరగా రండి!"

"డబ్బాలు తియ్యకండే. చాన్నాళ్ళు నిలవుంటాయి. ఈసారి వచ్చేక నేనే..." అంటోంది అమ్మ.

"అయిపోయాయమ్మా. అమ్మమ్మ పులుసు పెట్టేసింది. భలే ఉన్నాయి!"

అవతల గరగర తప్ప ఏమీ వినబడలేదు. లైను పోయిందనుకున్నాను. చాలాసేపటికి, "పోన్లే... తిన్నావుగా," అంది.

మూడేళ్ళకి ఇంకోసారి వచ్చింది. సబ్బులు తెచ్చింది, సెంట్లు తెచ్చింది. డబ్బాలు లేవు. ఎందుకు తేలేదని అడగాలని నోటిదాకా వచ్చింది. సిగ్గేసి ఊరుకున్నాను. ఆవిడా ఆ ఊసెత్తలేదు. తిరిగి వెళ్ళిన ఏడాదికి అక్కడే గుండె ఆగిపోయి చనిపోయింది. ఆ తర్వాత అమ్మమ్మ ఏ దేవుడికీ మొక్కుకోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎయిర్ ఫ్రయ్యర్ ఉంది. సాసేజీలు సందు చివర కొట్లోనే దొరుకుతాయి. ఆదివారం వస్తే మా అమ్మాయికి అవే కావాలి... పది పన్నెండు నిమిషాల్లో చిటపటమంటూ ఎర్రగా కాలిపోతాయి. పక్కన నేను కారం సాసు చేస్తాను. ఎండుమిరప, వెల్లుల్లి... ఆ తర్వాత నాకు తెలియదు. ఒక వారం వెనిగర్ వేస్తాను, ఒక వారం టమాటా, ఒక వారం చిన్న బెల్లం ముక్క.

"సూపర్ అమ్మా," అంటుంది మా అమ్మాయి. నేను మాత్రం సాసు మళ్ళీ రుచి చూస్తాను. అమ్మ సాసు ఇదేనేమో... ఇది కాదేమో... పోల్చుకోవడానికి నేను ఒక్కసారైనా దాన్ని తిన్నదాన్ని కాదు. ఆవిడ తప్ప ఎవరూ తినలేదు.

ఈ రోజుల్లో ఫోను నొక్కితే చాలు, ఏ దేశం వంటైనా నేర్పేస్తుంది. మా అమ్మ ఆ చిన్న గిన్నెలో ఏం కలుపుకునేదో మాత్రం ఎంత వెతికినా దొరకదు.

మీ అమ్మ పెడతానంటే మీరు వద్దన్నది ఏదైనా ఉంటే కింద రాయండి, చదువుతాను. ఆవిడ ఇంకా ఉంటే మాత్రం... రాయడం తర్వాత. ముందు వెళ్ళి పెట్టమని అడగండి.