అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా: మా కారు బ్యాటరీని తాగేసిందెవరు

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలూ వంకరే. ఏడో తరగతితో బడి మానేశాను, మన్నించండి. కాగితం మీద రాసిస్తే మా చెల్లి తన బ్లాగులో టైపు చేసి పెడతానంది. మేముండేది యూసుఫ్‌గూడలో. నాకు ఎనిమిదో నెల. నొప్పులొస్తే ఆటో కోసం వెతుక్కోకూడదని మా ఆయన ఒక పాత కారు కొన్నారు. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీకి ఆయన బస్సులోనే వెళ్తారు కాబట్టి కారు కదిలేది ఆదివారమే. వరసగా మూడు ఆదివారాలు కీ తిప్పితే టక్‌మని శబ్దం వచ్చింది, అంతే. బ్యాటరీ కొత్తదే. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు కూడా ఇలాగే మొరాయిస్తే ఏంటి గతి అని నాకు ఒకటే దిగులు.

మూడో ఆదివారం తొమ్మిదింటికి పక్కింటాయన తన కారు నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేయించారు. మధురానగర్ మీదుగా అమీర్‌పేటకు ఇరవై నిమిషాలు పట్టింది. బ్యాటరీ షాపతను మీటరు పెట్టి చూశాడు, డబ్బులడగలేదు. "బ్యాటరీ మంచిగనే ఉన్నదన్నా. నీ బండే దాన్ని తాగుతున్నది. పంజాగుట్టల ఎలక్ట్రీషియన్‌కు చూపియ్," అన్నాడు. బండి ఎలా తాగుతుందో చూడాలని నాకు భలే అనిపించింది.

అక్కణ్నుంచి పది నిమిషాలు. ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద నుంచే వెళ్లాలి, లేకపోతే షాపున్న సందు దాటిపోతారు. ఎలక్ట్రీషియన్ పెద్దాయన. నాకు స్టూలు వేసి, బ్యాటరీ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టాడు. "అన్నీ బంద్ చేసినా కరెంటు పోతనే ఉన్నది, చూడు చెల్లె. ఒక్కొక్క ఫ్యూజు తీస్త. ఏది తీస్తే ఈ అంకె పడిపోతదో, దొంగ ఆడున్నట్టు." ఫ్యూజులన్నీ తీశాడు. అంకె కదల్లేదు.

"బండి కొన్నంక పైనుంచి ఏమన్న పెట్టించిన్రా?"

"లేదన్నా," అని మా ఆయన మంచినీళ్ల సీసా తేవడానికి వెళ్లారు.

నేను అద్దంలోంచి లోపలికి చూశాను. కీ పక్కన దేవుడి బొమ్మ, దాని చుట్టూ చిన్న లైట్లు. ఎండలో ఏమీ కనబడలేదు. కొంగు అడ్డం పెట్టి చూస్తే వెలుగుతున్నాయి. కారు పూజ రోజు లైట్లు పెట్టినతనికి, కీ తీసినా దేవుడి దగ్గర దీపం ఆరకూడదని చెప్పింది నేనే. లైట్లున్నాయని తెలుసు గానీ, ఈ సంగతి మా ఆయనకు తెలియదు. పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఆ దీపం... నేనే అలా పెట్టమన్నాను."

ఆయన బానెట్‌లోకి వంగి ఒక సన్నటి వైరు పీకాడు. అంకె పడిపోయింది. "ఫ్యూజు లేకుండ సక్కగ బ్యాటరీకే కలిపిండు. ఇగ ఫ్యూజుకేం తెలుస్తది? వారమంత దేవునికి నిద్ర లేకుంటే బ్యాటరీ ఎట్ల ఆగుతది చెల్లె?"

"ఆర్పితే దోషం కాదా?"

"రాత్రి గుడి తలుపులు సుత ఏస్తరు గద. కీతోని కలుపుత. నువ్వు బండి లేపితే ఆయన లేస్తడు."

మా ఆయన తిరిగొచ్చి ఏంటని అడిగితే పెద్దాయన, "లైట్ల వైరు తప్పు కలిపిన్రు, ఫికర్ లేదు," అన్నాడు. మూడు వందలు తీసుకున్నాడు.

మళ్లీ ఆదివారం నన్నే కీ తిప్పమన్నారు మా ఆయన. మొదటి తిప్పుకే ఇంజను లేచింది, దీపం వెలిగింది, కడుపులో బిడ్డ కూడా కదిలింది. దేవుడి కోసం చేసింది తప్పు అవుతుందని నేననుకోలేదు. అడిగి తెలుసుకోవాల్సింది, సిగ్గుపడ్డాను. మీ కారుకు బయట షాపులో లైట్లేవైనా పెట్టిస్తే, కీ తీసి కాసేపాగి, చీకటిగా ఉన్నచోట ఒకసారి చూసుకోండి. ఆ పంజాగుట్ట షాపు ఆదివారం ఒంటిగంట వరకే.

చెల్లీ, నా పేరు మాత్రం వేయకు. మీ బావగారు నా రాత గుర్తుపడతారు, టైపు చేశాక ఈ కాగితం కాల్చెయ్. బిడ్డ పుట్టాక ఆయనకు నేనే చెప్తాను.