రాంచీ బండెక్కమన్నాను

మా జంషెడ్‌పూర్‌లో ఎవరైనా కాస్త తిక్కగా ప్రవర్తిస్తే "వీణ్ని రాంచీ పంపాలి" అంటారు, పిచ్చాసుపత్రి అక్కడుందని. వీధిలో వాళ్లంటే సరే, డాక్టరు చదువు చదివిన నేనూ అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

గోల్‌మురిలో నాది ఒక్క గది క్లినిక్కు. నేను ఆ మాటన్నది అక్కడికొచ్చే ఒక రోగిని. అతను ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో క్రేను నడిపేవాడు, శ్రీకాకుళం వైపు మనిషి. ఆ నెలలో అది నాలుగోసారి రావడం. మళ్లీ అదే మాట: "గుండెల మీద బరువెట్టినట్టుంది బాబూ. నిద్దర నేదు." ఈసీజీ రెండుసార్లు తీయించాను, శుభ్రంగా ఉంది. గ్యాస్ మాత్రలిచ్చాను, బలానికి సూది వేశాను. ఇంకేం చెయ్యను? అసలే నాకు ముక్కు మీద కోపం. గది నిండా జనం, పైగా కరెంటు లేదు.

"నీ రోగానికి నా దగ్గర మందు లేదు నాయనా, రాంచీ బండెక్కు!" అన్నాను, అందరికీ అర్థమయ్యేలా హిందీలో.

గదంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు. పాత మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు, మళ్లీ రాలేదు. తగ్గిందనుకున్నాను. సిగ్గులేని మనిషిని, ఆ జోకు స్నేహితులకి చెప్పి నవ్వించాను కూడా.

రెండు నెలలకి అతని భార్య బీపీ చూపించుకోవడానికొచ్చింది. "మీ ఆయన కులాసాయేనా?" అన్నాను.

"ఏటి కులాసా బాబూ! డూటీ మానేసి గోడకేసి తిరిగి తొంగుంతన్నాడు. మీకాడికి రమ్మంతే వొద్దంతన్నాడు."

క్లినిక్కు మూసి ఆవిడ వెంటే వెళ్లాను. మంచం పక్కన కూర్చుని, మొదటి రోజే అడగాల్సింది అప్పుడడిగాను. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

గోడకేసి చూస్తూనే అన్నాడు. "ఆ రోజు అది సెప్దామనే వచ్చినాను బాబూ. అందరూ నవ్వుతంతే నానూ నవ్వీసినాను."

ఛీ, నా చదువు తగలెయ్య! తప్పయిపోయింది, క్షమించమన్నాను. "అయ్యో, అదేటి బాబూ" అన్నాడు, నా మొహం చూడకుండానే.

అతన్ని ఒంటరిగా వదలొద్దని భార్యకి చెప్పి, మర్నాడు పొద్దున్నే నేనే స్కూటరు మీద మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. మందులు పనిచేశాయి. ఇప్పుడు మళ్లీ క్రేను ఎక్కుతున్నాడు. జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా మాత్రం టాటానగర్ స్టేషను దాకా వెళ్లి వేరే డాక్టరుకి చూపించుకుంటున్నాడట.