దీవెనమ్మ పోసిన చెంబెడు నీళ్లు

తోడికోడళ్లకు పడదంటారు. నిజమే, మా ఇద్దరికీ పడేది కాదు. బావి దగ్గర, పొయ్యి దగ్గర, చివరికి గుడిలో చాప పరిచే చోట కూడా నేనూ దీవెనమ్మక్కా మాటకు మాట అనుకునేవాళ్లం. మా పాలెంలో చర్చిని గుడి అనే అంటాం లెండి. అయినా ఆమెకు జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది జమ్మలమడుగు పక్క పాలెం. అక్క మొగుడు, మా బావ ఎలీషా నాపరాళ్ల గనిలో పని చేసేవాడు. దీవెనమ్మక్క కూలికి పోయేది. ఆమెకు అబద్ధం చేతకాదు. దొరసాని లాగా నిజం చెప్పి ఇంటిల్లిపాదినీ ఇరుకున పెట్టే రకం. ఆమెకు కడుపు నిలిచేది కాదు. ఎన్నో ఉపవాసాల తర్వాత, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఎండాకాలంలో, మగబిడ్డ పుట్టాడు. పిల్లి కూనంత ఉన్నాడు.

ఒకరోజు పొద్దున వాడికి ఊపిరి ఆడలేదు. మగవాళ్లంతా గనిలో ఉన్నారు. నేను మంత్రసాని కోసం పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి బిడ్డ నెత్తి తడిగా ఉంది, ప్రాణం లేదు. అక్క కడవలోంచి చెంబెడు నీళ్లు ముంచి, "యేసయ్యా, నీ పేరు మీద పోస్తాండా, వీడు నీవాడు" అని పోసిందట. ఆ మాట ఆమే అందరికీ చెప్పింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

మా గుడి పాస్టరు దేవసహాయం అయ్యగారు జమ్మలమడుగు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ప్రాణం మీదికి వస్తే విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చు. కానీ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురి పేర్లూ చెప్పాలి. ఒక్క యేసు పేరు చెబితే చెల్లదన్నారు మా సంఘం పెద్దలు. బాప్తిస్మం లేని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదు, అది కట్టుబాటు. అయ్యగారు చెడ్డవాడని నేను అనను. మెత్తని మనిషి. ఆ మెత్తదనమే మా కొంప ముంచింది. పెద్దలకు ఎదురు చెప్పలేక, బిడ్డను తోట చుట్టూ వేసిన ముళ్లకంపకు అవతల పూడ్పించాడు.

ఈస్టరు తెల్లవారుజామున అందరం సమాధులకు సున్నం కొట్టి, కొవ్వొత్తులు పెడతాం. అయ్యగారు ఒక్కో సమాధి దగ్గర నిలబడి ప్రార్థన చేస్తాడు. బిడ్డ పోయాక వచ్చిన ఈస్టరుకు అక్క కంప బయట ఒంటరిగా కూర్చుంది. ఆయన కంపదాకా వచ్చి, తల వంచుకుని వెనక్కి తిరిగాడు.

ఈ సంగతి ప్రొద్దుటూరుకు పాకింది. అక్కడ యోనా అని ఒక కొత్త బోధకుడున్నాడు. దేవుడు ముగ్గురు కాదు, ఒక్కడే, ఆ ఒక్కడే యేసు, ఆయన పేరున ఇచ్చిందే బాప్తిస్మం అని ఆయన బోధ. వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. "అమ్మా, చదువుకున్నోళ్లకు తెలీనిది నీకు తెలిసింది. సరైన పేరు పలికినావు" అన్నాడు. అంతే, అక్క ఆయన వెంట పడింది. పులివెందుల, వేంపల్లె, ఎక్కడ కూటం పెడితే అక్కడికి పోయి సాక్ష్యం చెప్పేది. ఇల్లు పట్టకుండా తిరుగుతున్నావని నేను నాలుగు దులిపాను.

"ఆడ నిలబడి చెప్తే, నా కొడుకు దేవుని దగ్గరుండాడని అంతమంది ఆమెన్ అంటారు చెల్లీ. ఈడ ఒక్కరన్నా అంటిరా?" అంది.

చివరికి ప్రొద్దుటూరులో వాదం పెట్టారు. పందిరి వేసి, ఒకవైపు మా అయ్యగారు, ఒకవైపు యోనా. అక్కను ముందు వరుసలో కూర్చోబెట్టారు. జనం కోడిపందేనికి వచ్చినట్టు వచ్చారు. "తండ్రి వేరు, కొడుకు వేరంటే ముగ్గురు దేవుళ్లు కారా?" అని యోనా. "ఇద్దరూ ఒకరే అయితే, యేసు ప్రార్థన చేసింది ఎవరికి? తనకు తానేనా?" అని అయ్యగారు. అటు చప్పట్లు, ఇటు చప్పట్లు. మైకు సెట్టు చాంద్ బాషా మాత్రం ఆవలిస్తున్నాడు.

అప్పుడు అయ్యగారు అడిగాడు. "యోనా, నువ్వు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తావా? చెంబుతో పోస్తావా?"

"ఇయ్యను. తెలివొచ్చి, పాపం ఒప్పుకొని, నీళ్లలో మునగాల."

"అయితే ఈమె పోసింది బాప్తిస్మమేనా?"

యోనా జనాన్ని చూశాడు. అక్కను చూడలేదు. "పేరు సరైందే. బాప్తిస్మం మాత్రం కాదు" అన్నాడు. మావాళ్లు ఈలలు వేశారు. గెలిచామట! థూ, ఏం గెలుపు అది.

అక్క లేచింది. "ఇంగ నా కొడుకు యాడుండాడు? మీ ఇద్దరిలో ఎవురన్నా చెప్పండయ్యా."

పసిబిడ్డను దేవుడు చూసుకుంటాడన్నాడు యోనా. దేవుని కృప శానా పెద్దదమ్మా అన్నాడు అయ్యగారు.

"అంత పెద్ద కృప ఆ కంప దాటలేకపోయెనా అయ్యా?" అంది అక్క. ఎవరు సైగ చేశారో, చాంద్ బాషా మైకు ఆపేశాడు.

తర్వాత అయ్యగారు సిగ్గుపడుతూ మా ఇంటికి వచ్చాడు. "బాగా గుర్తు చేసుకో దీవెనమ్మా. ఆ భయంలో మూడు పేర్లూ చెప్పే ఉంటావు. గుడిలో ఆ ఒక్కమాట అను, బిడ్డను లోపలికి తెస్తాం" అన్నాడు.

"చెప్పలేదయ్యా. ఒక్క పేరే చెప్తి."

మా బావ ఆమె ముందు కూలబడ్డాడు. బిడ్డ పోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి. "చెప్పినానని అనుమే. నీ కాళ్లు పట్టుకుంటా. కుక్కలు తవ్వుతాండాయి ఆడ" అన్నాడు. అక్క ఆయన్ను చెయ్యి పట్టి పైకి లేపింది.

ఆదివారం గుడిలో నిలబడి, మూడు పేర్లూ చెప్పానంది. పెద్దలు ఆమెన్ అన్నారు. కంప అవతల తవ్వి, దొరికిన కాసిని ఎముకల్ని కొత్త గుడ్డలో కట్టి లోపల పూడ్చారు. పాట పాడారు, సున్నం కొట్టారు. నేనూ సంతోషించాను, పీడ విరగడైందని.

ఆ తర్వాత గుడిలో ప్రభువు బల్ల, అంటే యేసు శరీరమని రొట్టె పంచే రోజున, అది తన దగ్గరికి వస్తుండగానే అక్క లేచి బయటికి పోయింది. మళ్లీ ఎన్నడూ తీసుకోలేదు. ఎందుకే అని నిలదీశాను.

"ఆ పొద్దు నేనేమంటినో వీళ్లెవురూ వినలేదు చెల్లీ. పైనుండే ఆయన విన్యాడు. నా కొడుకు బయటుండినప్పుడు, తల్లి నిజమే చెప్పిందిలే అని ఎత్తుకుంటాడేమో అని ఆశ ఉండె. ఇప్పుడు వాన్ని అబద్ధం చెప్పి లోపలికి తెస్తి. ఇంగ ఏ మొగం పెట్టుకొని అడిగేది?"

"పిచ్చిదానా, దేవునికి అంత పట్టింపు ఉంటుందా? ఆయనే చూసుకుంటాడు" అన్నాను.

"యోనా అదే అనె. అయ్యగారూ అదే అనె" అని లోపలికి పోయింది.

కొన్నేళ్లకు దగ్గు పట్టుకుని మంచాన పడింది. ఒకరోజు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నన్ను వాని పక్కన పెట్టాకండి. వాడు మొదట పండుకోనుండిన కంప బయట పెట్టండి. ఆడైతే అబద్ధం ల్యా" అంది. సరేనన్నాను. ఆమె పోయిన రోజు అయ్యగారికీ, పెద్దలకూ, మా బావకూ ఆ మాట చెప్పాను.

బాప్తిస్మం పొందిన మనిషిని బయట పెడితే సంఘానికి మాట వస్తుందన్నారు పెద్దలు. జ్వరంలో ఏదో కలవరించి ఉంటుందన్నాడు అయ్యగారు. బావ ఏడుస్తూ కూర్చున్నాడు. నేను తోట వాకిట్లో అడ్డం నిలబడి మొత్తుకున్నాను. నన్ను పక్కకు జరిపి, ఆమెను కొడుకు పక్కనే దించారు. తల్లీబిడ్డా ఒకచోట చేరారని అందరూ కళ్లు తుడుచుకున్నారు.