గోడౌన్‌లో దిగిన గూడబాతు

మా ఆయన జీవితంలో సగం గూడబాతుల్ని తోలడంలోనే గడిచిపోయింది. గణపవరం దగ్గర మా చేపల చెరువులు. తెల్లారేసరికి కొల్లేటి వైపు నుంచి పిట్టలు గుంపుగా వచ్చి దిగుతాయి. ముక్కు కిందే సంచి ఉంది కదా, దొరికినన్ని చేపలు అందులో వేసుకుంటాయి. ఈయన గట్టు మీద నిలబడి రెండు చేతులూ చరిచి "హోయ్" అని అరుస్తారు. అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో కిటికీ మీద కాకి వాలినా అదే అరుపు. కొత్తలో పక్కింటివాళ్ళు మేం పోట్లాడుకుంటున్నామనుకున్నారు.

అలాంటి మనిషి కూతురు శిల్పం చదువుకుని, చేయక చేయక గూడబాతుల్ని చేసింది. ఏలూరులో మూతపడిన రైస్‌మిల్లు గోడౌన్ ఒకటి తీసుకుని, అచ్చంగా తన బొమ్మలతోనే మొదటిసారి ప్రదర్శన పెట్టింది. ఒక్కొక్కటీ లారీ అంత ఉంది. ఇనుప చువ్వల మీద పాత వలలు, తాళ్ళు, మేత నింపి నీళ్ళలో కట్టే సంచులు చుట్టి చేసింది. అవన్నీ మా గట్టు మీద పారేసినవే. ఎందుకని కూడా అడగకుండా ఈయనే దగ్గరుండి వ్యాన్‌కెక్కించారు. తీరా గూడబాతుల కోసమని తెలిశాక అన్నం ముందు నుంచి లేచిపోయారు.

"నోటికాడ కూడు తన్నుకుపోయే పిట్టకి విగ్రహాలేంటి? నేను రాను."

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎంతమంది వచ్చినా నాన్న చూడకపోతే నాకది ప్రదర్శనే కాదమ్మా అని అమ్మాయి నాతో ఫోన్లో చెప్పుకుంది. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మొదటి రోజు నన్ను దింపి బయటే ఉంటానని షరతు పెట్టి బండి తీశారు. నేను సరేనన్నాను. గోడౌన్ ముందు చెట్టూ లేదు, నీడా లేదు. మిగతాది ఎండ చూసుకుంటుందని నా ధీమా. లోపలికి వెళ్ళినదాన్ని కావాలనే బయటికి రాలేదు.

కాసేపటికి విసుక్కుంటూ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఎండలోంచి వచ్చిన కళ్ళు ఇంకా చీకటికి అలవాటు పడలేదు. అన్నిటికంటే పెద్ద పిట్టను సరిగ్గా గుమ్మం దాటగానే దూలాలకు వేలాడదీసింది అమ్మాయి. రెక్కలు విప్పి, కాళ్ళు ముందుకు చాచి, నీళ్ళ మీదికి దిగుతున్నట్టు ఉంది. ఫ్యాన్ గాలికి రెక్కల వలలు కదిలాయి. నీడ మీద పడగానే ఈయన రెండు చేతులూ ఎత్తి చరిచి, గోడౌన్ అదిరేలా "హోయ్" అని అరిచారు.

జనం ఉలిక్కిపడ్డారు. తర్వాత నవ్వారు. ఈయన ముఖం కందిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి తిరగబోయారు. ఆ నవ్విన వాళ్ళందర్నీ నాలుగు దులిపెయ్యాలనిపించింది నాకు.

ఈలోగా అమ్మాయి జనాన్ని తప్పించుకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, నిజంగా పిట్టే అనుకున్నారా?"

"అనుకున్నానమ్మా," అన్నారు చిన్నగా.

ఆ మాటకి అమ్మాయి ఏడ్చేసింది. తర్వాత ఎవరో పెద్దాయన మైకులో చాలాసేపు పొగిడారు గానీ, అదేదీ దాని చెవికెక్కినట్టు లేదు. ఈయన మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నారు. వలల్ని తడిమి తడిమి, ఏది ఏ చెరువుదో నాకు చూపించారు. పిట్టల గురించి మాత్రం మంచీ చెడూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం గట్టు మీద ఉన్నాం. కొల్లేటి వైపు నుంచి ఒక గూడబాతు వచ్చి, కాళ్ళు చాచి నీళ్ళ మీదికి దిగుతోంది. ఈయన చేతులెత్తారు గానీ చరవలేదు.

"ఏవండీ, తోలరా?" అన్నాను.

"ఉండవే. అమ్మాయి తన బొమ్మకి కాళ్ళు అచ్చం ఇలాగే పెట్టింది."

అది ఒక చేపను మింగేదాకా ఆగారు. అప్పుడు "హోయ్" అన్నారు, రోజూ అనేంత గట్టిగా కాదు.